చార్లీ కోలియర్ పందెములు

బ్రిటనులో బాటలు మూసి పందెములు నడుపుటకు చట్టము ఒప్పలేదు. సొంత శాసనసభ గల మాన్ ద్వీపము ఒప్పినది. అక్కడ 1907 మే 28న జరిగిన తొలి టూరిస్టు ట్రోఫీలో ఒంటి సిలిండరు బండ్లకు గాలను పెట్రోలుతో 90 మైళ్ళు నడువవలెనని కట్టడి. తండ్రితోను, సోదరుడు హ్యారీతోను కలిసి మాచ్‌లెస్ బండ్లు తయారుచేసిన చార్లీ కోలియర్, గంటకు 38 మైళ్ళ సగటున గెలిచెను. ద్వితీయుడైన మార్షల్ ట్రయంఫ్ బండికి పెడళ్ళు లేవు. మిట్టలెక్కునపుడు పెడళ్ళు తొక్కియే కోలియర్ గెలిచెనని వివాదము లేచినది. అందులో కొంత న్యాయము లేకపోలేదని మేమందుము: పెడళ్ళు నిషేధించిన 1908లో మార్షలే గెలిచెను! అయినను 1910లో కోలియర్ పెడళ్ళు లేకయే 50 మైళ్ళ సగటు దాటి మరల ప్రథముడయ్యెను. 1911లో, కొత్త కొండదారిన, ద్వితీయుడుగా వచ్చియు, అనుమతి లేనిచోట పెట్రోలు పోయించుకొన్నందున అనర్హుడయ్యెను. మొదటి మూడు స్థానములును ‘ఇండియన్’ బండ్లకు దక్కినవి. పేరు మనదే గాని, బండ్లు అమెరికావి.