ఔట్‌బోర్డు మోటారులో చమురు, పొగ లీకులు

'''ఔట్‌బోర్డు మోటారు''' అనగా పడవ వెనుక అంచుకు తగిలించే, ఊడదీయుటకు వీలుగల యంత్రము. ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన మోటారుతో ఇది ప్రాచుర్యంలోకి వచ్చింది. ఆంధ్ర తీరంలో చేపల వేటకు వెళ్ళే ఫైబరు పడవలకు కూడా దీనిని వాడుతారు. పాత మోటార్లలో, ముఖ్యంగా టూ-స్ట్రోక్ రకంలో, చమురు కారడం, పొగ బయటకు రావడం తరచుగా కనిపించే లోపాలు.

==ఏది లీకు, ఏది కాదు==

టూ-స్ట్రోక్ ఇంజనులో చమురును పెట్రోలులోనే కలుపుతారు (చాలా మోటార్లకు 50 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు). అందులో కొంత కాలకుండానే పొగతో పాటు వెళ్ళి, పొగ గొట్టంలో పేరుకొని, మోటారును నిలిపిన తరువాత ప్రొపెల్లరు మధ్య నుండి నల్లగా కారుతుంది. ఇది లీకు కాదు. దీనిని చూచి గేరు పెట్టెను విప్పి శ్రమపడినవారు అనేకులు. నల్లగా, పలుచగా, పెట్రోలు వాసనతో ఉంటే అది కాలని చమురు. చిక్కగా, గంధకపు వాసనతో ఉంటే గేరు నూనె. సందేహముంటే గేరు పెట్టె పైబిరడా తీసి నూనె మట్టం చూడవలెను. మట్టం తగ్గకపోతే సీళ్ళ జోలికి పోనక్కరలేదు.

==గేరు నూనె కారడం==

క్రింది బిరడా విప్పినప్పుడు నూనె పాలవలె తెల్లగా వస్తే, లోపలికి నీరు చేరుతున్నదని అర్థం. నూనె పోయే దారినే నీరు కూడా వస్తుంది. మొదట చూడవలసినవి బిరడాల క్రింది వాషర్లు. ఇవి చవకైనవి, ప్రతి మార్పిడిలోనూ కొత్తవి వేయవలెను. తరువాత ప్రొపెల్లరు ఇరుసు సీలు. గాలపు తాడు ఇరుసుకు చుట్టుకొని ఈ సీలును కోసివేయడం సాధారణం. కొన్నిటిలో డ్రైవ్ షాఫ్టు సీలు, గేరు మార్చే కడ్డీ సీలు కూడా కారణం కావచ్చు.

నూనె పూర్తిగా వంచి, ఒక బిరడా రంధ్రంలో చిన్న చేతి పంపు, పీడన మాపకం బిగించి, చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్ల పీడనం ఇచ్చి ఉంచాలి. తయారీదారు పుస్తకంలో వేరే అంకె ఉంటే దానినే పాటించవలెను. సబ్బు నీరు రాస్తే బుడగలు వచ్చిన చోటు తెలుస్తుంది. ఇరుసును తిప్పుతూ, అటూ ఇటూ కదుపుతూ చూడాలి. నిలకడగా ఉన్నప్పుడు పట్టుకొనే సీలు తిరిగేటప్పుడు వదలిపెట్టవచ్చు. పాత ఇరుసుపై సీలు తిరిగిన చోట గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా నిలవదు. సీలును కొద్దిగా పక్కకు జరిపి కూర్చోబెట్టడమో, ఇరుసుకు పలుచని తొడుగు వేయడమో చేయాలి.

నూనె క్రింది రంధ్రం నుండే పోయాలి. పై రంధ్రం నుండి బయటకు వచ్చిన పిదప మొదట పైబిరడా, తరువాత క్రింది బిరడా బిగించాలి. పైనుండి పోస్తే లోపల గాలి చిక్కుకొంటుంది.

==పొగ లీకు==

పొగ సిలిండరు నుండి కాళ్ళ భాగం గుండా క్రిందికి దిగి నీటిలోకి పోతుంది. మూత క్రింద నల్లని జిడ్డు మసి చారలు, మూత పెట్టినప్పుడు మాత్రమే ఇంజను బరువెక్కి, మూత తీయగానే బాగా నడవడం దీని గుర్తులు. పొగను ఇంజనే మళ్ళీ పీల్చుకొనుట దీనికి కారణం. చల్లని ఇంజనుపై సబ్బు నీరు చల్లి, నీటి సరఫరా కల్పించి, కొద్దిసేపు నడిపితే బుడగలు కనబడతాయి. నీరు లేకుండా నడిపితే రబ్బరు పంపు రెక్కలు పాడవుతాయి. పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది, దానికి వాసన లేదు. మూసిన షెడ్డులో ఈ పరీక్ష చేయరాదు.

సాధారణంగా పొగ మూత గాస్కెట్టో, ఇంజను అడుగు గాస్కెట్టో చిల్లిపడి ఉంటుంది. పొగ మూత చుట్టూ నీటి గదులు ఉన్న మోటార్లలో ఈ చిల్లు గుండా నీరు సిలిండరులోకి చేరవచ్చు, అది మరింత నష్టం. పాత గాస్కెట్ మీద సిలికాన్ పూత రాయడం వ్యర్థం. ఉప్పునీటిలో తిరిగిన మోటారులో ఉక్కు బోల్టులు అల్యూమినియంలో పట్టుకుపోయి, బలవంతం చేస్తే విరుగుతాయి. పెట్రోలు గొట్టాలు, తొట్టి దూరంగా పెట్టి, బోల్టు చుట్టూ వేడి చేసి, కొద్ది కొద్దిగా ముందుకు వెనుకకు తిప్పుతూ తీయాలి. మూత వంగి ఉంటే గాజుపలకపై పరచిన గరుకు కాగితం మీద రాసి చదును చేయవచ్చు. బిగించేటప్పుడు మధ్య నుండి అంచులకు, రెండు మూడు విడతలుగా బిగించవలెను.