అంబాసిడర్ పంపు, ఎంజీ చుట్టరికం

నిజామాబాద్ నుంచి బోధన్‌కు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఒకప్పుడు చెరకు సీజన్లో ఈ రోడ్డంతా బండ్లు, ట్రాక్టర్లు. వాటి మధ్య దారి చేసుకుంటూ పోయిన అంబాసిడర్లలో ఓ స్పోర్ట్స్ కారు దాగి ఉండేది. అంబాసిడర్‌కు 1959లో వచ్చిన 1489 సీసీ ఇంజనూ, ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1955 నుంచి తయారైన ఎంజీఏ స్పోర్ట్స్ కారు ఇంజనూ ఒకే ‘బి సిరీస్’ కుటుంబానివి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కూ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌తో అలాంటి చుట్టరికమే.

ఇలాంటి ఇంజన్లను చల్లగా ఉంచేది నీళ్ల పంపు. మొదట్లో వచ్చిన కొన్నింటిని వదిలేస్తే ఫోర్డ్ మోడల్ టీ కార్లకు నీళ్ల పంపే లేదు. వేడెక్కిన నీళ్లు తేలికై రేడియేటర్‌లోకి ఎక్కి, చల్లబడి వాటంతటవే కిందికి దిగేవి. తర్వాతి మోడల్ ఏలో పంపు వచ్చింది. దాని షాఫ్టు చుట్టూ నీళ్లు కారకుండా ఆపేది గ్లాండ్ ప్యాకింగే. నిజాంసాగర్ నీళ్లతో చెరకు పండే ఈ నేల మీద 1937లో బోధన్‌లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ లాంటి చోట ఒకప్పుడు ఫిట్టర్లకు కొట్టినపిండి ఈ ప్యాకింగ్ బిగించే పని: నట్టు బిగిస్తే కారడం ఆగుతుంది, మరీ బిగిస్తే షాఫ్టు అరుగుతుంది.

అంబాసిడర్ నాటికి గ్లాండ్ పోయి సీలు వచ్చింది. ఫ్యాను కూడా పంపు షాఫ్టు మీదే తిరుగుతుంది కాబట్టి బేరింగ్‌కు చాకిరీ రెట్టింపు. డైనమో ఛార్జింగ్ సరిగ్గా రావట్లేదని బెల్టును తెగ బిగించేవాళ్లు ముందు చంపేది ఈ బేరింగ్‌నే. ఫ్యాను రెక్కను పట్టి ఊపితే బేరింగ్ ఎంత వదులైందో తెలిసిపోతుంది. సీలు అరిగితే పంపు కింది చిన్న రంధ్రం నుంచి చుక్కలు పడతాయి. ఆ రంధ్రాన్ని మూసేసే ఘనులూ ఉన్నారు! బయటికి పోవాల్సిన నీళ్లు అప్పుడు బేరింగ్‌లోకి చేరతాయి. ఇక రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే సున్నం పొర కట్టడం ఎలాగూ ఉంది. ఎండాకాలంలో హెడ్ గ్యాస్కెట్ పోయాక గానీ చాలామందికి పంపు గుర్తుకు రాదు.

పాత పంపును బాగుచేయడం లేత్, ప్రెస్ ఉన్న చోట కష్టమేమీ కాదు. హబ్ లాగి, షాఫ్టుతో సహా బేరింగ్‌ను బయటికి నొక్కి, సీలు మార్చాలి. అసలు చేయి తెలిసేది నీళ్లను నెట్టే చక్రాన్ని, అంటే ఇంపెల్లర్‌ను, ఎక్కించేటప్పుడే. బాడీకీ దానికీ మధ్య అర మిల్లీమీటరు పైచిలుకు సందు ఉండాలి. తగ్గితే రాసుకుంటుంది, పెరిగితే నీళ్లను సరిగ్గా నెట్టలేదు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది, బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. పాత ఎంజీలను ముద్దుగా చూసుకునేవాళ్లకు ఇంగ్లండ్‌లో కొత్త పంపులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. చుట్టరికం ఉంది కదా అని ఒకదాని పంపు ఇంకోదానికి బిగించేయకూడదు. పుల్లీ వరస, హబ్ ఎత్తు కొలిచి చూసుకోవాలి. నన్నడిగితే, పాత బాడీకి పగుళ్లు లేకపోతే దాన్నే బాగుచేయించడం మేలు. కొత్తది కొన్నా పాతదాన్ని పాత ఇనుము వాడికి వేయొద్దు.