పూర్తి విలాసము



మా ఊరు చందూరు. పూర్వము ఇందూరనబడిన నిజామాబాదు జిల్లాలో, బోధను చెరకుసీమకు చేరువనున్నది. చందూరనిన మాలో నెవ్వరికిని సందేహము కలుగదు. కాని నల్లగొండ జిల్లాయందును నొక చందూరు గలదు. మహారాష్ట్రమున అమరావతి జిల్లాలో చందూర్ రైల్వే, చందూర్ బజార్ అనునవి గలవు. ఒకమారు దూరమున నున్న మా చుట్టము పెండ్లికి పిలుచుచు వ్రాసిన జాబుపై నా పేరును, చందూరనియు మాత్రమే వ్రాసెను. అది నల్లగొండ సీమ తిరిగి నా చేతికి వచ్చుసరికి ముహూర్తము దాటిపోయినది. మేనమామనై నేను కూర్చుండవలసిన పీట వట్టిదిగా నుండెను.

ఈ చిక్కు నేటిది కాదు. నిజాము రాజ్యము 1869లో తన సొంత టపా బిళ్ళలను వెలువరించినది. అవి రాజ్యములోపలనే చెల్లెడివి. ఎల్ల దాటు జాబునకు బ్రిటిషు ఇండియా బిళ్ళ కావలసియుండెను. లోపలి వ్యవహారము వేరు, వెలుపలి వ్యవహారము వేరు. 1972 ఆగస్టు 15న దేశమంతటికిని ఆరంకెల పిన్ కోడు వచ్చినది. దానిని కల్పించినవారు శ్రీరాం భికాజీ వేలంకర్ గారు. నిజామాబాదు సంఖ్యలు 503తోను, నల్లగొండ సంఖ్యలు 508తోను మొదలగును. పేరొక్కటే యైనను ఊళ్ళు వేరని ఆ అంకెలే చెప్పును.

ఇట్టి కథయే ఇంటర్నెట్టునందును జరిగినది. 1989లో స్విట్జర్లాండునందలి సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ వెబ్బునకు రూపకల్పన చేసెను. అందలి పుటల విలాసములకు 1994 డిసెంబరులో నియమములు వెలువడినవి. పొట్టి విలాసముల నియమములు 1995 జూనులో వచ్చినవి. పూర్తి విలాసమున పోవు విధానము, ఇంటిపేరు, ఇంటిలోని గదికి దారి యను మూడును ఉండును. పొట్టిదానిలో గదిదారి మాత్రమే యుండును. తక్కినదానిని చదువరి యంత్రము చేతిలోని పుటనుబట్టి పూరించుకొనును.

పొట్టిదానికిని గుణము గలదు. 1956లో హైదరాబాదు రాష్ట్రము పోయి ఆంధ్రప్రదేశమును, 2014లో తెలంగాణమును ఏర్పడినవి. మా విలాసముల చివరి పంక్తి రెండుమార్లు మారినను, రచ్చకట్ట ప్రక్క యిల్లన్న గుర్తు మారలేదు. అట్లే వెబ్బిల్లు తావు మారినను లోపలి పొట్టి దారులు చెడవు. కాని అదే దారిని ఈమెయిలులోనో ఫోను సందేశములోనో పంపినచో, పూరించుకొనుటకు చేతిలో పుట యుండదు. కావున వెలుపలికి పోవుదానిలో పూర్తి విలాసమే యుండవలెను.

అయితే దానిని కూర్చు ప్రోగ్రాము తన యింటిపేరు నెట్లెరుగును? పిలిచినవాడు ఏ పేరున పిలిచెనో దానినే తన పేరనుకొనుట యొక పద్ధతి. ఇది ప్రమాదము. దొంగ యొకడు నీ ఖాతాకు క్రొత్త పాస్‌వర్డు కోరుచు, తన యింటిపేరుతో ప్రోగ్రామును పిలిచినచో, నీకు వచ్చు నిజమైన సందేశములోనే దొంగయింటి దారి యుండును. దానిని నొక్కితివా, తాళపుచెవి వాని చేతిలో పడును. అందుచేత నిర్వాహకుడు ఇంటిపేరును ముందే వ్రాసి స్థిరపరచవలెను, పిలుపును నమ్మరాదు.

మనకును ఇందొక పాఠము గలదు. ఫోనునకు వచ్చిన దారిని నొక్కకముందు జంటగీతల తరువాత మొదటి ఒంటిగీత వరకు నున్న ఇంటిపేరును చదువుడు. ఎరుగని పేరైనచో వదలివేయుడు. జాబు వ్రాయునపుడు మాత్రము ఊరు, మండలము, జిల్లా, పిన్ కోడు విడువకుడు. ఒక పంక్తి బద్ధకమునకు నేనొక పెండ్లిని పోగొట్టుకొంటిని.

సెలవు.