ఏ ఎత్తు ముందు?

ఛందస్సు చదివినవారికి ప్రస్తారం కొత్త కాదు. ఇరవై అక్షరాల కృతి ఛందంలో 10,48,576 వృత్తాలున్నవి. వాటిలో మన ఉత్పలమాల 3,55,799వది. చదరంగం ఆడే కంప్యూటరు చేసేదీ ఒక ప్రస్తారమే. స్థితికి 35 ఎత్తుల చొప్పున, ఇరువైపులా రెండేసి ఎత్తులు పడేసరికి 15,00,625 స్థితులు.

1956 నుండి జాన్ మెకార్తీ ఒక ఉపాయం చెబుతూ వచ్చారు. నా ఎత్తును చెడగొట్టే జవాబు ఎదుటివానికి ఒక్కటి దొరికిందా, మిగిలిన జవాబులు చూడనక్కరలేదు. దీనికే ఆల్ఫా-బీటా అని పేరు వచ్చింది. అయితే ఆ జవాబు చివరన తగిలితే శ్రమ తగ్గదు, మొదటే తగలాలి. అన్నిచోట్లా మేలైన ఎత్తే ముందు వస్తే, 1975లో నూత్, మూర్ వివరించిన లెక్క ప్రకారం, చూడవలసినవి 2,449 స్థితులే!

మేలైనది ముందే తెలిస్తే వెదకడమెందుకని తార్కికులు అడుగుతారు. తెలియదు, ఊహిస్తారు. బంటుతో మంత్రిని చంపే ఎత్తు ముందు. పక్క కొమ్మలో ఫలించిన జవాబు ఆ తరువాత. దానిని ‘కిల్లర్’ అన్నారు. 1983లో జొనాథన్ షేఫర్, అంతవరకు వెదుకులాటలో ఫలించిన ఎత్తులకు మార్కులు వేసి, ఆ చరిత్రను బట్టి వరుస కట్టే పద్ధతిని ప్రకటించారు.

మెకార్తీ శిష్యులలో మనవారొకరున్నారు, రాజ్ రెడ్డి. ఊరు కాటూరు (మా ఉమ్మడి కృష్ణా జిల్లాలోనిది కాదు, నాటి చిత్తూరు జిల్లాది). కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం 1976 నాటికి రూపొందించిన ‘హార్పీ’ 1,011 మాటలను విని గుర్తించేది. అదీ కొమ్మల వెదుకులాటే. కాని అక్కడ ఆశలేని కొమ్మను నరికివేస్తారు. సరియైన మాట అందులోనే ఉంటే పోయినట్లే. ఆల్ఫా-బీటా అంత నిర్దయురాలు కాదు. వరుస తప్పితే కాలం పోతుంది గాని జవాబు మారదు. గడియారం పెట్టి ఆడేటప్పుడు ఆ పోయిన కాలమే లోతును తగ్గిస్తుంది. నేటి స్టాక్‌ఫిష్ సైతం అందుకే చరిత్ర పట్టికలను ఉంచుకున్నది.