కాగితాలన్నీ సరిగ్గా ఉన్న బస్సు

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర, 44వ నంబరు జాతీయ రహదారి మీద కాలిపోయిన బస్సుకి కాగితాలన్నీ ఉన్నాయి. మొదటి రిజిస్ట్రేషన్ డామన్ డయ్యూలో, రెండోది ఒడిశాలోని రాయగడలో. అఖిల భారత టూరిస్టు పర్మిట్ ఉంది, పన్ను కట్టి ఉంది, బీమా నడుస్తోంది, ఫిట్‌నెస్ 2027 మార్చి దాకా ఉంది. రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిలును ఆ బస్సు ఈడ్చుకుపోవడంతో మంట పుట్టింది. హైదరాబాదు నుంచి బెంగళూరుకి నిద్రలో వెళ్తున్న 19 మంది లోపలే కాలిపోయారు. ఇన్ని కాగితాలున్న బస్సులోంచి మనుషులు బయటపడలేకపోయారంటే ఆ కాగితాలు దేనికి సాక్ష్యం? ఈ ప్రశ్నకి జవాబు ఒక్క డ్రైవరు దగ్గరో ఒక్క యజమాని దగ్గరో దొరకదు, వందేళ్ళు వెనక్కి వెళ్ళి చూడాలి. మన దేశంలో బస్సు మీద ప్రభుత్వ పర్యవేక్షణ పర్మిట్ చుట్టూ పెరిగింది, పన్ను దగ్గర స్థిరపడింది. భద్రతను వాటికి ఒక షరతుగా తగిలించారు. పర్మిట్ బిగిసిన రోజుల్లో భద్రత కూడా కాస్త బిగిసింది, పర్మిట్ సడలగానే దాంతోపాటే సడలింది.

మోటారు వాహనాలకు దేశమంతటికీ వర్తించే మొదటి చట్టం 1914లో వచ్చింది. బండికి నంబరు, నడిపేవాడికి లైసెన్సు, అంతవరకే దాని చూపు. బస్సుని విడిగా పట్టించుకోవాల్సిన అవసరం 1930ల్లో వచ్చింది. అదైనా బస్సులు బోల్తా పడుతున్నాయని కాదు, రైలు ఆదాయం పడిపోతోందని. రైలు పట్టాల పక్కనే ఉన్న రోడ్ల మీద తిరుగుతూ, తక్కువ చార్జీకి, ఊరి మధ్యలోనే జనాన్ని ఎక్కించుకుంటున్న బస్సులు రైల్వేలకు కంట్లో నలుసయ్యాయి. మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు రోడ్డుకీ రైలుకీ మధ్య పోటీని లెక్కగట్టి 1933లో నివేదిక ఇచ్చారు. ఆ ఆలోచనల నుంచే 1939 మోటారు వాహనాల చట్టం పుట్టింది. ప్రాంతీయ రవాణా సంస్థలు, స్టేజి క్యారేజి, కాంట్రాక్టు క్యారేజి, పర్మిట్ షరతులు, ఫిట్‌నెస్ ధ్రువపత్రం, అన్నీ ఈనాటికీ మనం వాడుతున్న మాటలే. ఆ చట్టంలో భద్రత లేదని నేననను, ఉంది. కానీ ఏ బస్సు ఏ దారిలో తిరగాలి, ఎవరికి ఆ హక్కు ఇవ్వాలి అనే పెద్ద ప్రశ్న నీడలో ఉంది. మోటారు వాహనాల తనిఖీ అధికారిని తెలుగునాట ఇప్పటికీ చాలామంది ‘బ్రేక్ ఇనస్పెక్టరు’ అనే పిలుస్తారు. ఆ ఉద్యోగి అసలు పనేమిటో జనం పెట్టిన పేరులో భద్రంగా ఉంది. ఆ ఉద్యోగం మాత్రం పన్ను బకాయిలు, పర్మిట్ ఉల్లంఘనలు, అధిక లోడు చలానాల మధ్య చీలిపోయింది.

ఇదే కాలంలో హైదరాబాదు సంస్థానం వేరే దారి పట్టింది. 1932లో నిజాం రైల్వేలో భాగంగానే రోడ్డు రవాణా విభాగం పెట్టి, 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో సర్వీసులు మొదలుపెట్టింది. రైలూ బస్సూ ఒకే యజమాని చేతిలో ఉన్నప్పుడు పోటీ తగాదా ఉండదు, అదే దాని ఉద్దేశం. స్వాతంత్ర్యం తర్వాత 1950 రోడ్డు రవాణా సంస్థల చట్టం వచ్చింది, 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్‌టీసీ ఏర్పడింది. ప్రైవేటు రూట్లను జాతీయం చేసే పథకాలకు వీలుగా 1956లో పాత చట్టానికి కొత్త అధ్యాయం చేర్చారు. అప్పుడు ఆంధ్ర నుంచి సుప్రీంకోర్టుకి వెళ్ళిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు న్యాయశాస్త్ర విద్యార్థులందరూ చదివేదే. బస్సు యజమానుల అభ్యంతరాలను రవాణా శాఖ కార్యదర్శే విన్నాడు. ఏ శాఖ పథకం మీద అభ్యంతరమో ఆ శాఖ మనిషే విచారణ జరపడం చెల్లదని, విన్నవారొకరూ తీర్పిచ్చేవారొకరూ కావడం న్యాయం కాదని కోర్టు చెప్పింది. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విని పథకాన్ని ఖాయం చేస్తే ఆమోదించింది. ఆ కేసు రూట్ల గురించే, ఒప్పుకుంటాను. అయినా అది లేవనెత్తిన సూత్రం రూట్లతో ఆగేది కాదు. బస్సులు నడిపేది ప్రభుత్వం, పర్మిట్ ఇచ్చేది ప్రభుత్వం, పన్ను పుచ్చుకునేది ప్రభుత్వం, ఈ బండి క్షేమమని సంతకం పెట్టేదీ ప్రభుత్వమే. ఇందులో ప్రయాణికుడి పక్షాన మాత్రమే నిలబడే అధికారి ఎవరు? ఆ ప్రశ్నని రాష్ట్రం తర్వాత ఎన్నడూ తనకి తాను వేసుకోలేదు.

1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చి పర్మిట్ తలుపు తెరిచింది. అడిగిన వాళ్ళకి సాధారణంగా పర్మిట్ నిరాకరించకూడదన్నది దాని ధోరణి. టూరిస్టు బస్సులు దేశమంతా తిరిగే పర్మిట్లకూ అందులో చోటిచ్చారు. చట్టం దృష్టిలో టూరిస్టు బస్సు కాంట్రాక్టు క్యారేజి. ఒక బృందం మొత్తం బండిని మాట్లాడుకుని, మధ్యలో ఎక్కించుకోకుండా, దించకుండా వెళ్ళాలి. వాస్తవంలో అది రోజూ రాత్రి తొమ్మిదింటికి బయల్దేరే సర్వీసు, సీటుకో టికెట్టు, దారి పొడుగునా పికప్ పాయింట్లు. మూడు దశాబ్దాలకు పైగా ఈ అబద్ధం మీదే మన రాత్రి ప్రయాణాలు నడుస్తున్నాయి. దీన్ని సాంకేతిక ఉల్లంఘనగా కొట్టిపారేయడం తప్పు. సర్వీసుగా గుర్తింపు లేని బస్సుకి నిర్ణీత టైం టేబుల్ ఉండదు, డ్రైవరు మార్పిడి కేంద్రాలు ఉండవు, డిపో ఉండదు, ఏ రాత్రి ఎవరు ఎన్ని గంటలు నడిపారో అడిగేవాళ్ళు ఉండరు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకి ఎనిమిది గంటల పని, ఐదు గంటలు నడిపితే అరగంట విరామం అని స్పష్టంగా రాసింది. అది చూడాల్సింది కార్మిక శాఖ. నడిరాత్రి హైవే మీద కార్మిక శాఖ ఎక్కడ కనిపిస్తుంది? 2021లో అఖిల భారత టూరిస్టు పర్మిట్‌ని ఆన్‌లైన్ చేసి, కేంద్రానికి ఒకే రుసుము కడితే చాలన్నారు. 2023 నిబంధనలు పర్మిట్ ఇవ్వాల్సిన గడువుని ఇంకా కుదించాయి. దాంతో బండి ఎక్కడ తిరుగుతుందన్నదానికీ ఎక్కడ రిజిస్టరైందన్నదానికీ సంబంధం తెగిపోయింది. తెలుగు నేల మీద నాగాలాండ్, అరుణాచల్ నంబర్ల బస్సులు తిరుగుతున్నాయి. చెక్‌పోస్టులూ పోతున్నాయి. అవి అవినీతి నిలయాలన్న మాట నిజమే, పోవడం మంచిదే. కానీ పర్మిట్, పన్ను చూడటానికి నిలబడ్డ అధికారే అప్పుడప్పుడూ టైరునీ అగ్నిమాపక సిలిండరునీ చూసేవాడు. ఆ పని పర్మిట్‌కి తోక అయినందువల్ల పర్మిట్‌తోపాటే అదీ పోయింది.

ఇక బస్సు అనే వస్తువు దగ్గరికి రావాలి, ఎందుకంటే పర్యవేక్షణ చూపు అన్నిటికంటే మసకబారేది అక్కడే. కారును కంపెనీ పూర్తిగా తయారు చేసి అమ్ముతుంది. బస్సు విషయంలో కంపెనీ చాలాసార్లు ఛాసిస్ మాత్రమే అమ్ముతుంది. ఇంజను, చక్రాలు, బ్రేకులు ఉన్న ఆ అస్థిపంజరం మీద బాడీ కట్టేది మరొకరు. మన బాడీ షెడ్లలో పనివాళ్ళ చేతి నైపుణ్యానికి వంక పెట్టలేం. వాళ్ళకి యజమాని చెప్పేది ఒకటే, ఇంకో రెండు బెర్తులు పట్టాలి. ఏసీ స్లీపరు బస్సు లోపలి సంగతి చూడండి. నడవలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒరగాలి. రెండు వైపులా కింద బెర్తు, పైన బెర్తు, ప్రతి బెర్తుకీ తెర. కిటికీ అద్దాలు తెరుచుకోవు. ఫోము పరుపు, రెగ్జిను, ప్లైవుడు, తెరగుడ్డ, వీటన్నిటి మధ్య చార్జింగ్ తీగలు. కాళ్ళు చాపుకుని పడుకున్న మనిషి మెలకువ వచ్చి, పొగలో తెర తీసి, నిచ్చెన మెట్టు కోసం కాలితో తడుముకుంటూ దిగి, తలుపు ఏ వైపుందో గుర్తు తెచ్చుకోవాలి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి ఉంటే ఎక్కడో ఒక స్తంభానికి ఉంటుంది. కొన్ని బండ్లలో అత్యవసర ద్వారానికి అడ్డంగానే బెర్తు ఉంటుంది. ఈ కొలతలన్నిటికీ ఏఐఎస్ 052 అనే బస్సు బాడీ ప్రమాణం, స్లీపరు బస్సులకు ప్రత్యేకంగా ఏఐఎస్ 119 ఉన్నాయి. రాతలో అవి మంచి ప్రమాణాలు. కానీ చిన్న షెడ్లకి చాలాకాలం స్వీయ ధ్రువీకరణతో సరిపెట్టారు, అంటే కట్టినవాడే సరిగా కట్టానని రాసిస్తాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక లోపల మార్చేస్తే 2019 సవరణ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు. ఒక్క అదనపు బెర్తు కొద్ది రాత్రుల్లోనే ఆ 5,000 సంపాదించి పెడుతుంది. చిన్నటేకూరు బస్సు సీట్ల బస్సుగా నమోదై తర్వాత బెర్తుల బస్సుగా మారిందన్న సంగతి కూడా ప్రమాదం తర్వాతే వార్తల్లోకి వచ్చింది. దానికి పది రోజుల ముందు, అక్టోబరు 14న జైసల్మేర్ దగ్గర ఇంకో ఏసీ స్లీపరు కాలిపోయి 20 మందికి పైగా చనిపోయారు.

ఫిట్‌నెస్ పరీక్ష ఇవన్నీ పట్టుకోదా అని అడగవచ్చు. ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ధ్రువపత్రం (ఎఫ్‌సీ) చేయించాలి. ఆ రోజు బ్రేకు, లైట్లు, హారను, వైపర్లు, పొగ చూస్తారు. ఇప్పుడు ఆ పనికి యంత్రాలతో నడిచే కేంద్రాలు వస్తున్నాయి, లంచానికి చోటు తగ్గుతుంది, మంచి మార్పే. కానీ రోలర్ల మీద బ్రేకు బలం కొలిచే యంత్రం పై బెర్తులోంచి ఒక ముసలామె ఎన్ని సెకన్లలో దిగగలదో కొలవదు. ఎఫ్‌సీ రోజున ఉన్న సిలిండరు మిగతా 700 రాత్రులూ ఉంటుందన్న హామీ కూడా ఇవ్వదు.

తప్పంతా డ్రైవర్లదే, అతివేగం, నిద్రమత్తు, ప్రభుత్వం ఏం చేస్తుంది అన్నది ఈ వాదనకి మొదటి అభ్యంతరం. ప్రమాదం జరగడానికి కారణం వేరు, ప్రమాదంలో చావడానికి కారణం వేరు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి వస్తున్న వోల్వో కల్వర్టును రాసుకుంది, డీజిల్ అంటుకుంది, 45 మంది పోయారు. వాళ్ళు చనిపోయింది దెబ్బకి కాదు, మంటలోంచి బయటికి రాలేక. దాదాపు రెండు వారాలకే కర్ణాటకలోని హావేరి దగ్గర మరో బస్సు అలాగే కాలి ఏడుగురు చనిపోయారు. పాలెం బస్సు ఊళ్ళో షెడ్డులో కట్టింది కాదు, పేరున్న కంపెనీది. కాబట్టి చిన్న షెడ్లను మూసేస్తే చాలనుకోవడం కూడా తప్పే. పాలెం తర్వాత తనిఖీలు జరిగాయి, బస్సులు సీజ్ చేశారు. మంటను పసిగట్టి ఆర్పే ఏర్పాటు ప్రయాణికులు కూర్చునే భాగంలో కూడా ఉండాలన్న కేంద్ర నోటిఫికేషన్ మాత్రం 2022 జనవరిలో గాని రాలేదు. అదీ కొత్తగా తయారయ్యే బస్సులకే.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైంది. ఆర్టీసీ అందరినీ మోయలేదు, నిబంధనలు బిగిస్తే చార్జీలు పెరిగి బీదవాడికే నష్టం, పైగా ప్రభుత్వ బస్సు మాత్రం భద్రమా? 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద 60 మందికి పైగా చనిపోయింది ఆర్టీసీ బస్సులోనే, అందులో వంద మందికి పైగా ఎక్కి ఉన్నారు. ఈ మాటలో నిజముంది. అందుకే పర్మిట్లు తగ్గించి ప్రైవేటును అణచమని నేను అడగడం లేదు. పర్మిట్లు ఎన్నైనా ఇవ్వండి, కానీ భద్రత చూసేవాడు పర్మిట్ ఇచ్చేవాడి కింద ఉండకూడదు. అలా వేరు చేస్తే కొండగట్టు బస్సుని కూడా అతను ఆపగలడు, ఎందుకంటే అతనికి ఆర్టీసీ సొంత ఇల్లు కాదు. చార్జీ విషయానికొస్తే, మూసుకుపోయిన తలుపు ముందు నుంచి రెండు బెర్తులు తీసేస్తే పెరిగేది ఎంత? ఆ తేడాని ప్రయాణికుడి మీద మోపడం అన్యాయమనుకుంటే రాష్ట్రం పన్నులో తగ్గించవచ్చు.

లంచాల వల్లే ఇదంతా, మరో దేశంలో ఇలా జరగదనే వాళ్ళు అమెరికాలోని స్కోహరీ సంగతి చూడాలి. 2018 అక్టోబరు 6న న్యూయార్క్ రాష్ట్రంలో బ్రేకులు పనిచేయక ఒక లిమోజిన్ 20 మంది ప్రాణాలు తీసింది. అది 2001 నాటి ఫోర్డ్ ఎక్స్‌కర్షన్ కారు. మధ్యకి కోసి, పొడుగు చేసి, సీట్లు పెంచిన బండి. సరిగ్గా మన స్లీపరు కథే. నెల ముందే రాష్ట్ర తనిఖీ అధికారులు అది తిరగకూడదని తేల్చారు, అయినా తిరిగింది. దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా బోర్డు బండి యజమానితోపాటు రాష్ట్ర రవాణా శాఖ పర్యవేక్షణ లోపాన్నీ పేరు పెట్టి ఎత్తిచూపింది. అక్కడ ప్రమాదం ఆగిపోలేదు, కానీ ప్రభుత్వ శాఖ తప్పుని చెప్పగల మరో సంస్థ ఉంది. మన 2019 సవరణలో జాతీయ రోడ్డు భద్రతా బోర్డు ఉంది, దానికి సలహా ఇచ్చే అధికారమే ఉంది.

ఇలాంటి ఏర్పాటు మనకి చేతకాదని కాదు. 1939లో బస్సు భద్రతను పర్మిట్‌కి కట్టేసిన ప్రభుత్వమే 1941లో రైల్వే ఇనస్పెక్టర్లను రైల్వే బోర్డు అదుపులోంచి తప్పించి వేరే శాఖ కింద పెట్టింది. రైళ్ళు నడిపేవాడే రైళ్ళను తనిఖీ చేయకూడదన్న మాట మీదే ఆ మార్పు వచ్చింది. ఈనాటికీ రైల్వే భద్రతా కమిషనరు రైల్వే శాఖ కింద ఉండడు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. ఆయన వచ్చి చూసి సంతకం పెట్టకపోతే కొత్త లైను మీద ఒక్క ప్రయాణికుల బండీ కదలదు. పెద్ద ప్రమాదం జరిగితే చట్టప్రకారం విచారణ ఆయనది. చిన్నటేకూరులో బస్సు కాలిన హైవేకి కొద్ది దూరంలోనే కర్నూలు మీదుగా వెళ్ళే రైలు పట్టాలున్నాయి. ఆ రాత్రి ఆ పట్టాల మీద పడుకుని వెళ్తున్న వాళ్ళ కోసం ఒక కమిషనరున్నాడు. రోడ్డు మీద పడుకుని వెళ్తున్న వాళ్ళ కోసం 2027 మార్చి దాకా చెల్లే ఎఫ్‌సీ ఉంది.