ఇంజను నాడి

1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో హైదరాబాదులో ప్రారంభమైనది. ఆనాటి మోటారు బండ్ల ఇంజనులకు మెకానిక్కు చెవియే పరీక్షాయంత్రము. పిమ్మట అంబాసిడరు, పద్మినీ కార్ల కాలమంతయు ఆ విద్యయే సాగినది. ప్లగ్గు విప్పి చూచి, కొన నల్లబడినచో పెట్రోలు ఎక్కువనియు, తెల్లబడినచో తక్కువనియు, ఇటుకరంగున నున్నచో సరిపోయినదనియు నిశ్చయించెడివారు. ఆపై స్క్రూడ్రైవరుతో కార్బురేటరు మరను పావుచుట్టు త్రిప్పిన పని ముగిసెడిది.

ఈ విద్యను కాలము చెల్లినదిగా చేసినది మెకానిక్కుల లోపము కాదు, లాస్ ఏంజెలిస్ నగరపు గాలి. అచ్చటి కండ్లమంటల పొగమంచునకు మోటారు పొగయే మూలమని 1950 ప్రాంతమున హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నిరూపించెను. 1970లో అమెరికా గట్టి చట్టము చేసినది. పొగను శుద్ధిచేయు కేటలిటిక్ కన్వర్టరు చక్కగా పనిచేయవలెనన్న, ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి, బరువు లెక్కన, ఎల్లవేళల అందవలెను. అంతటి సూక్ష్మమును మానవుని చెవి పట్టజాలదు.

జర్మనీ దేశపు బాష్ కంపెనీ 1967లోనే ఫోక్స్‌వాగన్ కారునకు ట్రాన్సిస్టర్లతో నడచు పెట్రోలు ఇంజెక్షనును అమర్చియుండెను. రేడియోను అరచేతిలోనికి తెచ్చిన ట్రాన్సిస్టరే ఇంజనులోను ప్రవేశించినదని మన శ్రోతలు గమనింపగలరు. 1976లో అదే సంస్థ వోల్వో కార్లకు ఆక్సిజన్ సెన్సారును అందించెను. దాని సూత్రము మరింత ప్రాచీనము. జిర్కోనియా అను పింగాణి వంటి పదార్థము బాగుగా వేడెక్కినపుడు, ఒక ప్రక్క బయటి గాలి, మరియొక ప్రక్క పొగ తగులుచుండగా, రెండింటి ఆక్సిజన్ తేడాను బట్టి స్వల్ప విద్యుత్తు పుట్టును. దీని లెక్కకు ఆధారము నెర్న్‌స్ట్ 1889లో తెలిపిన సమీకరణము.

ఈ సెన్సారునకు బద్ధశత్రువు పెట్రోలులోని సీసము. అందుచేత మన దేశమున దాని చరిత్ర సీసము చరిత్రతో ముడివడియున్నది. 1995లో నాలుగు మహానగరముల క్రొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి యైనది. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతమునకు యూరో ప్రమాణములను విధించినది. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతట సీసములేని పెట్రోలే అమ్మకమునకు వచ్చినది. హైదరాబాదునకు భారత్ స్టేజి రెండు 2003లోను, స్టేజి నాలుగు 2010లోను వచ్చినవి. స్టేజి నాలుగుతోనే, ఇంజను తనను తాను పరీక్షించుకొని దోషమును సంకేత సంఖ్యగా దాచుకొను ఏర్పాటును, పలకపై పసుపుపచ్చని దీపమును మన వాకిళ్లకు చేరినవి.

ఇప్పుడు ఉప్పల్, నాచారం వాసుల మాట. పారిశ్రామిక వాడల దుమ్ము, వానకాలపు నీరు, వైర్లు కొరికెడి ఎలుకలు, 2018లో మొదలై ఏండ్ల తరబడి సాగిన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవరు పనుల వలని గుంతలు. ఇవన్నియు సెన్సారు కంటె ముందుగా దాని వైరును, ప్లగ్గును చెరచును. దీపము వెలిగినంతనే రాణీగంజి పోయి క్రొత్త సెన్సారు కొని తెచ్చుట చాలమంది చేయు పని. వేల రూపాయలు ఖర్చగును, వారము తిరుగకమునుపే దీపము మరల వెలుగును. సంకేత సంఖ్య ఫిర్యాదే గాని తీర్పు కాదు. పి 0171 అన్న పెట్రోలు తక్కువైనదని అర్థము. గాలి గొట్టము చిట్లి దొంగగాలి చొచ్చినను సెన్సారు ఆ మాటయే చెప్పును. అది సత్యము పలికినందులకు దానినే విప్పి పారవేయుట న్యాయమా? ఉప్పల్ రోడ్డుననే 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వారు ముల్లు కదలినపుడు, కదలినది భూమియా, పరికరమా అని మొదట విచారింతురు. గృహస్థునకును అదియే మార్గము.

పరీక్ష కష్టము కాదు. ఇంజను వేడెక్కిన పిమ్మట, బండిని తలుపులు మూసిన షెడ్డులో గాక ఆరుబయట నిలిపి, పాత తరహా ఆక్సిజన్ సెన్సారు సంకేతపు వైరునకు మల్టీమీటరు తగిలించిన, ముల్లు 0.1 నుండి 0.9 వోల్టుల నడుమ ఊగుచుండవలెను. వాక్యూం గొట్టమొకటి ఊడదీసినచో క్రిందికి దిగవలెను, ఆక్సిలరేటరు చటుక్కున త్రొక్కినచో పైకి పోవలెను. ఇట్లు బదులిచ్చుచున్న సెన్సారు సాధారణముగా బ్రతికియున్నదే. దోషము వేరుచోట వెదకవలెను. కదలక మెదలక నిలిచినచో ముందుగా ప్లగ్గు విప్పి పచ్చని తుప్పును, తెగిన వైరును చూడవలెను. క్రొత్త కార్లలోని విశాల పరిమితి సెన్సారునకు ఈ లెక్క వర్తింపదు.

మార్చక తప్పనిచో బ్యాటరీ ఋణ తీగ తీసి, సైలెన్సరు గొట్టము గోరువెచ్చగా నున్నపుడు మరకు నూనె పట్టించి, సాధారణముగా 22 మిల్లీమీటర్ల స్పానరుతో విప్పవలెను. మొండికేసిన దానిపై బలము చూపిన మర తెగును, అపుడు పని లేతు మెషీను వానిది. క్రొత్తదాని కొనను వ్రేళ్లతో తాకరాదు, గ్రీజు అంటనీయరాదు.

బిగించి, సంకేతమును చెరిపిన నాడే పని ముగిసినదని తలపవలదు. చెరిపినపుడు ఇంజను తన స్వపరీక్షల ఫలితములను కూడ మరచును. అవి మరల పూర్తియగుటకు కొన్ని దినముల ప్రయాణము, ఒకమారు చల్లబడి లేచిన ఇంజను, కొంత దూరము నిలుకడయైన వేగము కావలెను. ఉప్పల్ కూడలి రద్దీలో ఆ చివరిది దొరకుట దుర్లభము. తెల్లవారుజామున ఘట్‌కేసర్ దిక్కుగా పోయి వచ్చుట మేలు.