అచ్చోసిన ఆంబోతు: ఒక తిట్టు వెనుక చరిత్ర

నేను జువ్వలదిన్నె పిల్లలకు తెలుగు చెబుతున్నాను. నెల్లూరు జిల్లాలో, బోగోలు మండలంలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఊరిది. నా తరగతిలో ఎక్కువమంది మత్స్యకారుల బిడ్డలు. ఒకనాడు బడి ఎగ్గొట్టి రేవులో తిరిగి వచ్చిన కుర్రవాణ్ణి "అచ్చోసిన ఆంబోతులా ఏమిట్రా ఆ తిరుగుడు?" అని కసిరాను. వాడు బెదరలేదు. "అంటే ఏంది సార్? మా ఇళ్ళల్లో ఎద్దులు లేవు గదా" అన్నాడు. కట్టుబాటు లేకుండా తిరిగేవాడని అర్థం చెప్పాను, వాక్యప్రయోగం కూడా చెప్పాను. ఎం.ఏ. తెలుగు చదివిన నాకు అంతకుమించి చెప్పవలసింది ఉందని అప్పుడు తోచలేదు. తరువాత ఆ మాట వెంటబడి చదివినకొద్దీ నేను చెప్పింది సగమేనని తేలింది. మిగతా సగం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అచ్చు అంటే ముద్ర. ఇంటి పెద్ద పోయినప్పుడు ఒక కోడెదూడకు ముద్ర వేసి, దేవుడి పేర ఊరిమీదికి వదిలే ఆచారం ఉండేది. శాస్త్రాలు దానిని వృషోత్సర్జనం అన్నాయి. కర్మకాండ అని దానిని తోసివేయడం హేతువాదులమైన మనకు సులువే. కాని ఒంగోలు ప్రాంతంలో ఈ ఆచారానికి ఇంకొక ముఖం ఉంది. పుణ్యం దక్కాలంటే బక్కదూడను వదిలితే చాలదు. ఒడ్డూ పొడుగూ చూసి మేలైన దాన్నే ఎంచాలి. వదిలిన తరువాత దాన్ని కాడి కట్టరు. ఏ చేలో పడి మేసినా కొట్టరు. ఆ చుట్టుపక్కల ఆవులకు అదే విత్తనపు ఆంబోతు. ఎంచింది ఒక కుటుంబం, మేపింది ఊరంతా, దూడల రూపంలో ఫలితం అనుభవించింది కూడా ఊరే. పశుసంవర్ధక శాస్త్రం నేడు 'ఎంపిక' అని పిలుస్తున్న పనిని ఆనాటి గ్రామం మతం ముసుగులో చేసిందన్నమాట.

అయితే ఇక్కడ 'ఊరు' అనే మాటను జాగ్రత్తగా వాడాలి. ఆవులున్న మోతుబరికి మేలైన కోడెదూడ దక్కింది. ఆవు లేని కౌలుదారుకు దక్కింది తొక్కిన చేను. మేత ఖర్చు అందరిదీ, లాభం కొందరిదీ. ఈ జాతీయంలోని అక్కసు ఆ రెండోవాడి నోటినుంచి పుట్టి ఉంటుందని నా ఊహ. ఒకే జంతువు ఒకరికి దైవం, ఒకరికి తిట్టు కావడానికి వేరే కారణం నాకు కనిపించదు.

ఇక ఆ పశువు పేరు సంగతి. 1873లో బాస్వెల్ దొర నెల్లూరు జిల్లా మాన్యువల్ కూర్చేనాటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాకనే అది విడిపోయింది. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాయే తరువాత ప్రకాశం జిల్లా అయింది. అందుచేతనే ఇక్కడ ఒంగోలు గిత్త అన్నదాన్ని విదేశీయులు నెల్లూరు పశువు అన్నారు. గుండ్లకమ్మ, మూసి నదుల నడుమ ఉన్న నేలలే దీని పుట్టిల్లు. (ఈ మూసి హైదరాబాదు మూసీ కాదు, ఒంగోలు సీమ ఏరు.) వానమీద ఆధారపడే సేద్యం, జొన్న చొప్ప, పిల్లిపెసర, ఊరి బీళ్ళు, వాటి వెంట తిరిగిన పశువుల కాపరి. ఈ మొత్తం లేనిదే ఆ ఎద్దు లేదు. ఆ ఎద్దు లేనిదే ఆ రేగడి నేలలో నాగలి కదలదు. పంట, పశువు, మనిషి శ్రమ ఒకదానినొకటి పోషించుకున్న వ్యవస్థ అది.

ఈ వ్యవస్థలోనుంచి పశువును మాత్రం విడదీసి ఓడ ఎక్కించారు. 1868లో ఇంగ్లండు వెళుతున్న ఓడ ఒకటి బ్రెజిల్ లోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు ఈ జాతి జంట అక్కడ అమ్ముడైందని బ్రెజిల్ పశుపోషకులు తమ చరిత్రలో చెప్పుకుంటారు. 1878లో లెంగ్రూబర్ అనే భూస్వామి జర్మనీలోని హాంబర్గు జంతుశాలనుంచి మరో జంటను కొన్నాడు. చివరి పెద్ద దిగుమతి 1960ల తొలి సంవత్సరాల్లో జరిగింది. అప్పుడు వెళ్ళిన ఆంబోతుల్లో ఒకదాని పేరు కర్వాది. అది ఒంగోలు పక్కనున్న కరవది గ్రామం పేరే. వాటిని ఫెర్నాండో డి నొరోన్యా అనే దీవిలో కొంతకాలం విడిగా ఉంచి, రోగం లేదని తేలాకనే నేలమీదికి దించారు. నేడు ఇరవై కోట్లకు మించిన బ్రెజిల్ పశుసంపదలో అధికభాగం 'నెలోరె' నెత్తురు కలిసినదే. 2023లో వియాతినా-19 అనే ఆవుకు వేలంలో 2.1 కోట్ల రియాళ్ళ విలువ కట్టారు. అంటే దాదాపు 43 లక్షల డాలర్లు. ఆ వార్తకు మన పత్రికలు పులకించాయి. మన ఆవు ప్రపంచాన్ని గెలిచిందన్నాయి.

ఈ పులకింతను రెండు విషయాలు ప్రశ్నిస్తున్నాయి. మొదటిది, ఈ ఆవులో తల్లిభాగం. ప్రతి జీవకణంలోనూ తల్లినుంచి మాత్రమే సంక్రమించే జన్యుపదార్థం కొంత ఉంటుంది. 1990లలో శాస్త్రజ్ఞులు బ్రెజిల్ నెలోరె పశువుల్లో దానిని పరీక్షించినప్పుడు, శుద్ధజాతి అని నమోదైన వాటిలో సైతం చాలావాటికి తల్లివంశం ఐరోపానుంచి ఎప్పుడో వెళ్ళి అక్కడ స్థిరపడిన ఆవులదని తేలింది. వచ్చిన మగపశువులు కొద్ది. వాటితో తరతరాలుగా దాటించిన ఆవులు అక్కడి మామూలు ఆవులు. పేరు తండ్రిది నిలిచింది. మోసి కని పాలిచ్చిన తల్లి వంశావళి పుస్తకానికి ఎక్కలేదు. ఇటువంటి చరిత్ర మనుషుల విషయంలోనూ మనకు కొత్త కాదు.

రెండోది, గడ్డి. బ్రెజిల్ ప్రభుత్వం 1973లో ఎంబ్రాపా అనే వ్యవసాయ పరిశోధనా సంస్థను స్థాపించింది. అది ఆంబోతుతోపాటు నేలనూ మేతనూ కూడా పట్టించుకుంది. ఆఫ్రికానుంచి వచ్చిన బ్రాకియేరియా గడ్డిలోనుంచి 'మరండు' రకాన్ని 1984లో విడుదల చేసింది. పులుపు నేలలకు సున్నం వేయించింది. మన ఎండకు తట్టుకునే ఆంబోతు, ఆఫ్రికా గడ్డి, అక్కడి తల్లి ఆవు, ఈ మూటి కలయికే ఆ విజయం. దానికి చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. పశువుల బీళ్ళకోసం అమెజాను అడవి లక్షల ఎకరాలు నేలకూలింది. ఆ భూములు చాలావరకు పెద్ద కామందుల చేతుల్లో ఉన్నాయి. గెలిచింది ఎవరని అడిగితే, జవాబు 'నెల్లూరు' అని రాదు.

మరి ఇక్కడ ఏం జరిగింది? పరిశోధన జరగలేదనడం అన్యాయం. నెల్లూరు జిల్లా చింతలదేవిలో ఆంగ్లేయులనాడే పశుక్షేత్రం వెలిసింది. ఇటీవల దేశీయ జాతుల రక్షణకు జాతీయ కామధేను కేంద్రాన్ని అక్కడే పెట్టారు. గుంటూరు దగ్గర లాం పరిశోధనా కేంద్రం ఒంగోలు జాతిని కాపాడుతూ వచ్చింది. వరిలో నెల్లూరు పరిశోధనా కేంద్రం మొలగొలుకుల్లోనుంచి మేలైన వాటిని ఎంపిక చేసింది. అగ్గితెగులును తట్టుకునే రకాలు ఇచ్చింది. నెల్లూరు మసూరి దాని పంటే. ఆకలి తీర్చిన ఈ కృషిని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పంట ఒక శాఖ, పశువు ఒక శాఖ అయినచోట. 1966లో ఐ.ఆర్.8 వచ్చింది. పొట్టి పైరు ఎంత ఎరువు వేసినా పడిపోదు. బలం గింజలోకి పోతుంది. గింజ పెరిగింది, గింజతో పోలిస్తే గడ్డి తగ్గింది. ధాన్యం లెక్కలో అది విజయం. గడ్డివాము లెక్క ఎవరూ రాయలేదు. జొన్న వేసిన మెట్టనేలల్లోకి పొగాకు వచ్చింది. పొగాకు కట్టెను పశువు ముట్టదు. బీళ్ళు దున్నకానికి పోయాయి. ట్రాక్టరు వచ్చాక కాడి ఎద్దుకు పని లేకపోయింది. పాలకోసం జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యం పంచారు. ఆంబోతును మేపే ఊరు పోయాక ఆంబోతూ పోయింది. మిగిలిన గిత్తలు బండలాగుడు పోటీల్లో కలిగినవారి గౌరవచిహ్నాలయ్యాయి. బ్రెజిల్ అన్నిటినీ మాంసపు లాభానికి కట్టి ఏకం చేసింది. మనం ఏకంగా ఉన్నదాన్ని ముక్కలు చేసుకున్నాం. పేద రైతు ప్రయోజనం కేంద్రంగా వాటిని కలిపే పరిశోధన ఇంకా జరగవలసే ఉంది.

ఇదంతా తరగతిలో చెప్పినప్పుడు ఆ కుర్రవాడే మళ్ళీ లేచాడు. "తల్లిరొయ్య మాదిరే గదా సార్" అన్నాడు. వాడి మాటలో ఎంతో చరిత్ర ఉంది. టైగరు రొయ్యల కాలంలో మత్స్యకారులు సముద్రంలో తల్లిరొయ్యను ప్రాణాలతో పట్టి హేచరీలకు అమ్మేవారు. 1994-95లో తెల్లమచ్చ రోగం ఈ తీరపు చెరువులను ఊడ్చేసింది. 2009నుంచి వనామి వచ్చింది. దాని తల్లిరొయ్య రోగరహితమని ముద్ర వేయించుకుని విదేశాలనుంచి దిగుతుంది. వెనకటికి తల్లిని గుర్తుపట్టే నేర్పు పల్లెకారుడిది; ఇప్పుడు ఆ నేర్పుకు గిరాకీ లేదు. ఎద్దులేని ఇంటి పిల్లవాడు నాకంటే ముందే ఈ చరిత్రను పోల్చుకున్నాడు.

మన కథల్లో, కవితల్లో ఎద్దు ఎన్నోసార్లు చచ్చిపోయింది. రైతు కన్నీరు పెట్టాడు. ఆ కన్నీరు నిజమే. కాని ఆ ఎద్దు ఏం తిని పెరిగింది, ఆ గడ్డి ఎవరు కోశారు, ఏ పంట మారితే దాని మేత పోయింది అని అడిగిన రచనలు నా చదువులో తక్కువ. ఆ ప్రశ్నలు వేయనంతకాలం మన సాహిత్యంలో పశువు ఒక అలంకారంగానే మిగులుతుంది. నిఘంటువు చెప్పిన అర్థంతో సరిపెట్టుకున్న నాలాంటి ఉపాధ్యాయుడిలాగే రచయిత కూడా సగం దగ్గర ఆగిపోతాడు.